క్రొత్త యింటికి తంతియు నిస్తంతియు

గత వేసవి సెలవులలో మన పాఠశాల విద్యార్థి యొకని తండ్రిగారు ఒక నక్షా చుట్టను చేత బట్టుకొని మా యింటికి వచ్చిరి. వారిది పాతబస్తీలో షాలిబండ ప్రాంతము. తాతల నాటి దేవిడీలో ముందుభాగమును, పెద్ద ద్వారమును అట్లే నిలిపి, వెనుకనున్న శిథిలభాగమును తీసివైచి, ముగ్గురన్నదమ్ముల కుటుంబములకు సరిపడునట్లు అచ్చట మూడంతస్తుల క్రొత్త యిల్లు కట్టుచున్నారు. అప్పటికి పునాదులు ముగిసి స్తంభములు లేచినవి. నక్షాలో దీపములు, పంకాలు, కొళాయిలు, మురుగునీటి గొట్టములు, సంపు అన్నియు వేర్వేరు రంగులతో గుర్తింపబడి యుండెను. ఇంటర్నెట్టునకు మాత్రము క్రింది హాలు గుమ్మము ప్రక్కన ఒక చిన్న చతురస్రము గీచి, దానిలో "వైఫై" అని వ్రాసియుండిరి. తక్కిన యింటి మాట యేమని మేమడిగితిమి. "అది గాలిలో వచ్చునది గదా సార్, దానికి గొట్టములెందుకు?" అని వారు నవ్విరి.

ఆ ప్రశ్నకు మేము చెప్పిన సమాధానమును, పిమ్మట వారింట జరిగిన పనిని కలిపి యిచ్చట వ్రాయుచున్నాము. పై తరగతుల విద్యార్థులకు ఇందులో కొంత భౌతికశాస్త్రమును, కొంత లెక్కయు దొరకును. లూకా సువార్త 14వ అధ్యాయములోని గోపురపు ఉపమానమును మనవారు బైబిలు తరగతిలో చదివియే యున్నారు. ఆ గోపురపు లెక్కలో ఈ కాలమున తీగ కూడ చేరవలెను.

ఈ విషయము మాకు వట్టి శాస్త్రచర్చ కాదు. 2020 మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతబడినవి. సెప్టెంబరు 1వ తేదీ నుండి మన రాష్ట్రములో దూరదర్శన్ యాదగిరి ద్వారమునను టీ-శాట్ ద్వారమునను పాఠములు ప్రసారమయ్యెను. మేమును ఫోను మీద తరగతులు నడిపితిమి. ఆ గృహస్థుని పెద్ద కుమార్తె అప్పుడు మా తొమ్మిదవ తరగతిలో ఉండెను. పేరు పిలిచిన ఆమె పలుకదు. ఒకవేళ పలికినను మాట సగములో తెగిపోవును. మేము హాజరుపట్టికలో గైరుహాజరని వ్రాసితిమి. శ్రద్ధ లేదని రెండు మారులు మందలించితిమి కూడ. నక్షా పరచుకొని కూర్చున్న ఆనాడు గాని మాకు సంగతి తెలియలేదు. ఆ పాత యింటి లోపలి గదికి రెండడుగుల మందము గల రాతిగోడలు; రూటరు పెట్టె వీధిగదిలో నుండెను. ఆ పిల్ల ప్రతి దినము పుస్తకములు తీసికొని మిద్దెమెట్ల మీదికి పోయి కూర్చుండెడిదట. ఎండ వచ్చిన, వాన వచ్చిన దిగి వచ్చెడిదట. ఆ దినములన్నియు మా పట్టికలో గైరుహాజరులే.

గోడ యేమి చేయునో తెలిసికొందము. వైఫై యనునది కాంతి వంటి విద్యుదయస్కాంత తరంగమే. 1894-95 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు ఇట్టి తరంగములను గోడ దాటించి, ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపిరి. కనుక తరంగము గోడ దాటుట నిజమే. ఎంత మిగిలి దాటును అనునదే ప్రశ్న. ఇంటి రూటరు సాధారణముగా రెండు పట్టీలలో పని చేయును. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో తరంగపు పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు; 5 గిగాహెర్ట్జుల పట్టీలో సుమారు 6 సెంటీమీటర్లు. పొట్టి తరంగము ఎక్కువ సమాచారమును మోయగలదుగాని గోడకు త్వరగా లొంగును.

ఇంటి పెద్దమ్మగారు, అనగా ఆ గృహస్థుని తల్లిగారు, మేము పని చూడబోయినప్పుడు ఒక మంచి ప్రశ్న వేసిరి. "ఆ లోపలి గదిలోనే మా రేడియో నలుబది యేండ్లు పాడెను. దానికి అడ్డురాని గోడ దీనికేల అడ్డు వచ్చెను?" అని. తరగతిలో ఇట్టి ప్రశ్న మాకు అరుదుగా వచ్చును. హైదరాబాదు కేంద్రమునుండి 738 కిలోహెర్ట్జుల మీద వినిపించిన ఆ ప్రసారపు తరంగము 400 మీటర్లకు మించిన పొడవు గలది. అంత పొడవు గల తరంగమునకు రెండడుగుల గోడ లెక్కలోనిది కాదు. అదియు గాక ఆ కేంద్రము వేల వాట్ల శక్తితో పలికెను; మన రూటరు ఒక వాటులో పదవ వంతుతో పలుకును. ఇంకొకటి కలదు. రేడియో వినును గాని మరల పలుకదు. ఫోను పలుకవలెను. దాని శక్తి రూటరు శక్తి కంటెను తక్కువ.

ఇక లెక్క. ఒక మిల్లీవాటు శక్తిని సున్న డీబీఎమ్ అందురు. 10 డెసిబెళ్లు పెరిగిన శక్తి పది రెట్లగును. 3 తగ్గిన సగమగును. కావున 100 మిల్లీవాట్లనగా 20 డీబీఎమ్. పెట్టె నుండి ఒక మీటరు దూరము పోవునప్పటికి 2.4 పట్టీలో 40 డెసిబెళ్లును, 5 పట్టీలో 47 డెసిబెళ్లును తగ్గును. ఆపైన దూరము రెట్టింపైనప్పుడెల్ల మఱి 6 తగ్గును. ఎనిమిది మీటర్లనగా మూడు రెట్టింపులు, 18 డెసిబెళ్లు. ఒక మందపు గోడ 15 డెసిబెళ్లు మ్రింగుననుకొందము. అనగా శక్తిలో సుమారు 32వ వంతు మాత్రమే ఆవలికి చేరును. రెండు గోడలు 30 మ్రింగును. అనగా వెయ్యవ వంతు మిగులును. ఇప్పుడు కూడిక, తీసివేత చేసి చూడుడు. 5 పట్టీలో 20 నుండి 47, 18, 30 తీసిన ఋణ 75 వచ్చును. 2.4 పట్టీలో 20 నుండి 40, 18, 30 తీసిన ఋణ 68 వచ్చును. ముఖములు చూచుచు మాటలాడుటకు ఋణ 67 గాని అంతకు మేలుగాని కావలెను. కనుక మొదటి పట్టీలో పాఠము తెగిపోవును, రెండవదానిలో అంచు మీద నడచును. మూడవ గోడ చేరినచో రెండును పనికిరావు. క్రింది హాలులో గీచిన ఆ చతురస్రమునకును, రెండవ అంతస్తు వెనుక గదికినడుమ ఎన్ని గోడలు, ఎన్ని కప్పులున్నవో నక్షా మీద వ్రేలు పెట్టి లెక్కించుడని మేము ఆ గృహస్థునితో చెప్పితిమి. వారు నాలుగు వఱకు లెక్కించి ఊరకుండిరి. కప్పులో నుండునది వట్టి కాంక్రీటు కాదు. దానిలో ఇనుప కమ్మీల జాలి కలదు. ఆ కప్పు గోడకంటెను ఎక్కువ మ్రింగును. నిలువుటద్దము, ఇనుప బీరువా, నీటి తొట్టి కూడ అట్టివే.

పెద్ద పెట్టె కొన్న సరిపోదా యని తఱచు అడుగుదురు. సరిపోదు. వీధిగుమ్మమున ఎంత గొప్ప దీపము వెలిగించినను లోపలి గదిలో చీకటి చీకటియే. అందుచేతనే గదికొక దీపము పెట్టుకొనుచున్నాము. వైఫై పెట్టెలును అట్లే చిన్నవి పలుచోట్ల నుండవలెను. అయితే ఆ పెట్టెలు ఒకదానితో నొకటి యెట్లు మాటలాడుకొనవలెను? గాలిలోనే యన్నచో మధ్యనున్న పెట్టె ఒకే నోటితో ఇటు వినుచు అటు చెప్పవలసి యుండును. మెట్టు మెట్టునకు వేగము సుమారు సగమగుచు పోవును. అంగడిలో మెష్ అను పేరున అమ్మునవి పెక్కు ఇట్టివి. వానికి వెనుకనుండి తీగ తగిలించినచో మాత్రము చక్కగా పని చేయును. కనుక నిస్తంతి బాగుండవలెనన్న ముందు తంతి వేయవలెను. ఇది వినుటకు విపరీతముగా తోచును గాని, ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇదియే.

ఆ తీగను గూర్చి కొంచెము. దానిలో ఎనిమిది రాగి పోగులు రెండేసి చొప్పున మెలిబెట్టబడి నాలుగు జతలుగా నుండును. మెలి యెందులకనగా, ప్రక్కనున్న విద్యుత్తీగ వలన కలుగు అలజడి రెండు పోగులకును సమానముగా తగులును. ఆవలి కొనయందు రెండింటి భేదమును మాత్రమే గ్రహింతురు గనుక ఆ అలజడి కొట్టివేయబడును. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ దొరగారే 1881లో ఈ మెలికి పేటెంటు పొందిరి. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్‌గారు ఈథర్‌నెట్ అను పద్ధతిని కల్పించిరి. నేడు మన గోడలలో నడుచునది దాని సంతతియే. క్యాట్ 6 అను తీగ 100 మీటర్ల వఱకు సెకనుకు ఒక గిగాబిట్టును, 55 మీటర్ల లోపల పది గిగాబిట్లను మోయగలదు. ఇంటికి ఇది చాలును. అదే తీగలో కొలదిగా విద్యుత్తును కూడ పంపవచ్చును. 2003లో ఏర్పడిన ప్రమాణము ప్రకారము 15.4 వాట్ల వఱకు. కప్పునకు బిగించు వైఫై పెట్టెకును, కెమెరాకును వేరుగా ప్లగ్గు అక్కరలేదు. మూలపెట్టె యొద్ద ఒక ఇన్వర్టరున్నచో కరెంటు పోయినను ఇల్లంతయు మాటలాడుచునే యుండును.

ఆ మూలపెట్టె, అనగా తీగలన్నియు వచ్చి చేరు అలమార, ఎచ్చట నుండవలెను? మేస్త్రీ మెట్ల క్రింద సంపు ప్రక్కన చోటు చూపెను. మేము వలదంటిమి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఈ నగరమును ముంచినది. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు మీదికెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి కథ మన పిల్లలందఱును విన్నదే. అంత వెనుకకు పోనక్కరలేదు. 2020 అక్టోబరులో బాలాపూరు దగ్గఱి గుఱ్ఱంచెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇండ్లలోనికి నీరు చొచ్చినది. కనుక క్రింది అంతస్తు పనికిరాదు. మిద్దె మీద గది వేసవిలో పొయ్యి వంటిది, అదియు పనికిరాదు. నడిమి అంతస్తున, వంటయింటికిని స్నానపుగదికిని దూరముగా, గాలి యాడు నడవాలో చోటు దొరకెను. మధ్యనుండుట వలన పైకిని క్రిందికిని తీగ పొదుపగును.

అచ్చటినుండి ప్రతి స్థానమునకును వేరొక తీగ నేరుగా పోవలెను. దండలో పూల వలె ఒకదాని నుండి మఱియొకదానికి గ్రుచ్చుకొని పోరాదు. నడుమ నొకటి తెగిన తరువాతివన్నియు మూగబోవును. అంతస్తునకు కప్పులో రెండు స్థానములు, నాలుగు గదులకు రెండేసి చొప్పున ఎనిమిది, మొత్తము పది, మూడంతస్తులకు ముప్పది. కెమెరాలకు నాలుగు, వీధిగంటకొకటి, మిద్దెకొకటి. అన్నియు కలిపి 36. ఒక్కొక్క దానికి సగటున 20 మీటర్లన్నచో 720 మీటర్లు. తీగ 305 మీటర్ల పెట్టెలుగా అమ్మబడును. రెండు పెట్టెలు చాలవు, మూడు కావలెను; మిగిలినది తప్పిపోయిన కొలతలకును చెడిపోయిన కొనలకును పోవును. గృహస్థుడు 36 అన్న మాటకు కొంచెము జంకిరి. అన్నిటికిని ఇప్పుడే యంత్రములు కొననక్కరలేదు. గోడలో గొట్టమును తీగయు నుండిన చాలును. పూత పూసిన పిమ్మట గోడ చీల్చుట కయ్యెడి ఖర్చుతో పోల్చిన తీగ వెల స్వల్పము.

గొట్టముల పనిలోనే మేస్త్రీలు తొందరపడుదురు గనుక దీనిని కొంచెము నిదానముగా చెప్పుచున్నాము. 25 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టములో నాలుగు తీగలకు మించి త్రోయరాదు. ఒక డబ్బాకును మఱియొక డబ్బాకును నడుమ రెండు మలుపుల కంటె ఎక్కువ ఉండరాదు. ఉన్నచో లాగునప్పుడు మెలి విడిపోయి తీగ గుణము చెడును. విద్యుత్తీగల గొట్టముతో కలిసి నడువరాదు, ఒక అడుగైనను ఎడముండవలెను. దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటవలెను. ప్రతి గొట్టములోను ఒక నైలాను త్రాడు లాగి వదలవలెను. రేపు మఱియొక విధమైన తీగ వచ్చినప్పుడు ఆ త్రాడే దారి చూపును. మెలి యన్న నేమియో తెలియని కుఱ్ఱవాడు ఒకడు మొదటి దినము తీగను బావిత్రాడు వలె లాగెను. ఆ ముక్కను పాఱవేయక మా ప్రయోగశాలకు తెచ్చుకొంటిమి.

తీగ కొనునప్పుడు కన్నులు తెఱచుకొని కొనవలెను. కోఠి గుజరాతీ గల్లీలోను, సికిందరాబాదు పార్క్‌లేన్‌లోను మంచి సరకును దొరకును, చెడ్డదియు దొరకును. అల్యూమినియపు పోగునకు పైన రాగిపూత పూసి రాగి తీగగా అమ్ముట కలదు. కొన్నియేండ్ల క్రిందట మేమే మా యింటికి అట్టిది తెచ్చి, చవుకగా వచ్చెనని సంతోషించితిమి. ఏడాది తిరుగకముందే కొనలు విఱిగినవి. పోగును కత్తితో గీకి చూచిన లోపల తెల్లగా నుండెను. అప్పటినుండి అంగడిలోనే గీకి చూచుచున్నాము. అంగడివారు విసుగుకొన్నను సరే.

పాత దేవిడీ మాట వేరు. ఆ రాతిని, డంగుసున్నమును చీల్చుటకు పెద్దమ్మగారు ఒప్పుకొనలేదు, మేమును ఒప్పుకొనము. గోడ పైభాగమున ఒక రోషన్‌దాన్ కలదు. దానిగుండ తీగను లోపలికి తెచ్చి, దూలము వెంట నడిపిరి. క్రొత్త యింటి నుండి దేవిడీకి నడుమ పెరడున్నది. ఆ పెరటిలో భూమిక్రింద రాగితీగకు బదులు ఆప్టికల్ ఫైబరు, అనగా గాజు పోగు, వేయించితిమి. రెండు కట్టడముల ఎర్తులు వేర్వేరు గనుక పిడుగు దగ్గఱ పడినప్పుడు రాగి గుండ విద్యుత్తు ఒకదాని నుండి మఱియొకదానికి ప్రాకవచ్చును. గాజులో కాంతి మాత్రమే పోవును.

ఆ మందపు గోడలను ఇంతవఱకు శత్రువులుగా చెప్పితిమి. అవి మిత్రులు కూడ. పాతబస్తీ గల్లీలలో ఇంటికి ఇల్లు ఆనుకొని యుండును. 2.4 పట్టీలో ఒకదానిమీద నొకటి పడని మార్గములు 1, 6, 11 అను మూడే; ఇరువది యిండ్ల రూటర్లు ఆ మూడింటిలోనే కేకలు వేయుచుండును. గోడ మందమైన యింట పొరుగువారి కేక లోపలికి రాదు, మన కేక వారికి పోదు. గదికొక చిన్న పెట్టె పెట్టి, దాని శక్తిని తగ్గించి, 5 పట్టీని వాడుకొనువానికి రాతిగోడ లాభమే. శక్తిని పూర్తిగా పెంచియుంచుట ఎల్లరును చేయు తప్పు. అట్లు చేసిన ఫోను మొదట పట్టుకొన్న దూరపు పెట్టెనే విడువక పట్టుకొని, ప్రక్కనున్న పెట్టెను చూడదు.

వీధినుండి ఇంటిలోనికి వచ్చు దారి కూడ రెండుగా నుండవలెను. 2025 ఆగస్టులో రామంతాపురమున ఊరేగింపు రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిరి. పిమ్మట నగరములో స్తంభముల మీద వ్రేలాడు కేబుళ్లను విరివిగా కోసివేసిరి. ప్రాణముల మాట వచ్చినప్పుడు కోయుట తప్పనలేము. కాని ఎన్నో యిండ్లలో ఇంటర్నెట్టు ఆగిపోయినది. అందుచేత వీధివైపు రెండు వేర్వేరు గొట్టములు పెట్టించి, ఇద్దఱు వేర్వేరు సరఫరాదారుల తీగలు వచ్చుటకు వీలు చేసితిమి. అవి రెండును తెగిన దినమున సిమ్ము కార్డు రూటరొకటి మిద్దె మీది స్థానమునకు తగిలింపవచ్చును. అతిథులకును, కెమెరాలకును వేర్వేరు పేర్లతో వేరు వైఫైలు, ఇంటివారికి వేరొకటి. పండుగ దినమున వచ్చిన బంధువులందఱకు ఇంటి సంకేతపదము చెప్పుకొనవలసిన పని లేదు.

పూతపనికి ముందు ఒక ఆదివారము సాయంకాలము మేము మరల పోయితిమి. పెద్ద కుమార్తె ఇప్పుడు డిగ్రీ చదువుచున్నది. నక్షా ఒక చేతను, సుద్దముక్క ఒక చేతను పట్టుకొని ఇటుకగోడల మీద ఒక్కొక్క స్థానమును గుర్తించుచుండెను. తమ్ముడు టేపు పట్టుకొని వెంట తిరుగుచుండెను. ఎచ్చట మొదలుపెట్టితివని మేమడిగితిమి. నడిమి అంతస్తున వెనుక గది చూపెను. కిటికీ ప్రక్కన, బల్ల ఎత్తున, రెండు చతురస్రములుండెను. వాని క్రింద 1 అనియు 2 అనియు వ్రాసియుండెను. అది తమ్ముని చదువు గది యట. తాను గీచిన లెక్కలో 36కు బదులు 37 వచ్చినవని, ఆ ఎక్కువైనది మెట్ల మీద పెట్టితినని చెప్పి ఆ పిల్ల నవ్వెను. మేము దానిని కొట్టివేయలేదు. మేస్త్రీ ఆ గొట్టమునకును త్రాడు లాగి వదలెను.